పెద్దమెదడు, చిన్నమెదడు: పేరు చూసి తూకం వేయవద్దు

మెదడు బొమ్మ గీయమంటే చాలామంది పెద్దమెదడు ముడతలు గీసి ఊరుకుంటారు. దాని వెనక కింది భాగాన, మెడకు కాస్త పైన ఒదిగి ఉండే చిన్నమెదడును పట్టించుకోరు. అన్యాయమే.

బరువులో పెద్దమెదడుదే పైచేయి. మెదడు మొత్తం దాదాపు 1,400 గ్రాములైతే చిన్నమెదడు వాటా సుమారు పదో వంతు. నాడీకణాలు లెక్కపెడితే మాత్రం తక్కెడ తిరగబడుతుంది. 2009లో బ్రెజిల్ పరిశోధకులు వేసిన లెక్కలో మొత్తం 8,600 కోట్ల కణాలు తేలితే, 6,900 కోట్లు చిన్నమెదడులోనివే. పెద్దమెదడు పైపొరలో ఉన్నవి సుమారు 1,600 కోట్లు. చిన్నమెదడు కణాల్లో అత్యధికం మరీ చిన్నవి కాబట్టి అక్కడ కిక్కిరిసి ఇమిడాయి.

ఆలోచన, చూపు, మాట, కదలాలన్న నిర్ణయం పెద్దమెదడు పనులు. ఆ కదలిక ఎంత వేగంగా, ఎంత దూరం సాగాలో సరిదిద్దేది చిన్నమెదడు.

అసలు తేడా దెబ్బ తగిలినప్పుడే బయటపడుతుంది. పెద్దమెదడు ఎడమవైపు రక్తప్రసారం ఆగితే కుడి చేయి, కుడి కాలు చచ్చుబడవచ్చు. మాట కూడా పోవచ్చు. చిన్నమెదడు ఎడమవైపు దెబ్బతింటే ఇబ్బంది ఎడమవైపే. దాని నాడీ దారులు ఒక పక్క నుంచి మరో పక్కకు రెండుసార్లు దాటి మళ్లీ అదే పక్కకు చేరతాయి. పక్షవాతం రాదు గానీ గ్లాసు అందుకోబోయిన చేయి వణికి గురి తప్పుతుంది, నడక తూలుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో తలకు గాయమైన సైనికులను పరీక్షించి గోర్డన్ హోమ్స్ అనే వైద్యుడు ఈ లక్షణాలను వివరంగా నమోదు చేశారు. మద్యం తాగినవారి తూలుడుకూ చాలావరకు ఇదే చోటు కారణం.

రెండింటిలో ఏది లేకపోతే బతకలేం? చిన్నమెదడు లేకుండా పుట్టి, నడక, మాట ఆలస్యమైనా పెద్దయినవారు అరుదుగా ఉన్నారు. ఈ పోటీలోనూ పెద్దమెదడే నెగ్గుతుంది.