కొచ్చిలో ఏ పడవ ఎక్కాలి?

ఎర్నాకుళం నుంచి ఫోర్ట్ కొచ్చికి నీటి దారిలో రెండు సేవలున్నాయి. మెయిన్ జెట్టీ నుంచి కేరళ జల రవాణా శాఖ బోటు, హైకోర్టు టెర్మినల్ నుంచి వాటర్ మెట్రో.

2023 ఏప్రిల్‌లో మొదలైన వాటర్ మెట్రో గొప్పతనం ఎక్కేచోటే తెలుస్తుంది. అక్కడి తేలే వేదిక ఆటుపోట్లతో పాటే లేస్తుంది, దిగుతుంది. అందుకే దాని అంచు, బోటు గుమ్మం ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటాయి. చక్రాల కుర్చీ నేరుగా లోపలికి వెళ్లిపోతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి! కొచ్చిన్ షిప్‌యార్డు కట్టిన ఈ బోట్లు బ్యాటరీతో నడుస్తాయి, ఏసీ కూడా ఉంటుంది.

జల రవాణా శాఖ పాత బోటులో డీజిల్ మోత తప్పదు. కాలు చాచి, ఎవరిదో చెయ్యి పట్టుకుని ఎక్కాలి. కానీ కిటికీలు బార్లా తెరిచి ఉంటాయి, బ్యాక్‌వాటర్స్ మీది గాలి ముఖానికి కొడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, టికెట్టు చాలా చవక. మెట్రోలో ఫోర్ట్ కొచ్చికి 40 రూపాయలు. పాసులున్నా, కూలి డబ్బులతో రోజూ రెండు పూటలా దాటేవారికి అది భారమే.

నా మటుకు నాకు, అమ్మానాన్నలతో వెళ్తే మెట్రో, ఒంటరిగా అయితే పాత బోటు. ఆ తేలే వేదికలను పాత జెట్టీల్లోనూ వేయాలి.