కావడి మోసిన జపాన్, కరువు మోసిన బ్రెజిల్: ఏది మేలు?

1960ల మొదట్లో ప్రపంచ సినిమా అనగానే అందరి నోటా అవే నాలుగు పేర్లు వస్తాయి. ఇటలీ అంటే ఫెల్లినీ, స్వీడన్ అంటే బెర్గ్‌మన్, ఫ్రాన్స్ అంటే గొదార్, జపాన్ అంటే కురొసావా. వాళ్ల గురించి రాసినవాళ్లు బోలెడంతమంది ఉన్నారు, ఇంకోసారి నేను రాయక్కర్లేదు. అదే కాలంలో వచ్చి, మన దగ్గర పెద్దగా ఎవరి కంటా పడని రెండు సినిమాలను పక్కపక్కన పెట్టి చూద్దామని నా కోరిక. ఒకటి జపాన్‌లో కనెటో షిండో 1960లో తీసిన ‘హదకా నో షిమా’. బయటి దేశాల్లో ‘నేకెడ్ ఐలండ్’ అంటారు. రెండోది బ్రెజిల్‌లో నెల్సన్ పెరేరా దోస్ సాంతోస్ తీసిన ‘విదాస్ సెకాస్’, 1963ది.

ఈ రెండిటినే ఎంచుకోవడానికి కారణముంది. రెండూ నలుపు తెలుపే. రెండింట్లోనూ ఒక మొగుడు, ఒక పెళ్లాం, ఇద్దరు మగపిల్లలు. రెండు కుటుంబాల కష్టమూ నీళ్లే. మాటలు రెండింట్లోనూ పొదుపే, ఒకదాంట్లో అయితే అసలు లేవు. చివరికి వచ్చేసరికి రెండింట్లోనూ ఇంట్లో ఒక ప్రాణం పోతుంది. ఇంత పోలిక ఉన్న సినిమాలు చూడటం పూర్తయ్యాక మాత్రం మనల్ని చెరో దారిన వదిలేస్తాయి. కథ ముందే చెప్పేస్తున్నానని కోపగించుకోకండి. ఈ రెండింట్లోనూ తర్వాత ఏమవుతుందన్న ఉత్కంఠ మీద నడిచేది ఏమీ లేదు.

ముందు జపాన్‌ది. సెటో సముద్రంలో, హిరోషిమా ప్రాంతంలోని మిహరా ఊరికి దగ్గర్లో సుకునే అని ఒక చిన్న దీవి. చుట్టూ సముద్రమే గానీ దీవి మీద తాగడానికి చుక్క నీళ్లు లేవు. ఉన్నది ఒకటే కుటుంబం. తెల్లారకముందే ఆలుమగలు తెడ్డు పడవ వేసుకుని పక్క దీవికి వెళ్తారు, నీళ్లు తోడుకుంటారు, మళ్లీ పడవెక్కి వస్తారు, కావడి భుజాన వేసుకుని ఏటవాలు కొండ ఎక్కుతారు. పైన మెట్ట చెక్కలో ఒక్కో మొక్క మొదట్లో కాసిని కాసిని పోస్తారు. ఎండిన మట్టి గుటుక్కున తాగేస్తుంది. మళ్లీ పడవ, మళ్లీ తెడ్డు. గంటన్నర పైచిలుకు సినిమాలో ఎక్కువ భాగం ఇదే. ‘ఇదేం సినిమా’ అని మొదటి పావుగంటలో మీకు అనిపిస్తే తప్పు మీది కాదు. ఆ పావుగంట దాటాక కావడి బద్ద ఊగే తీరు, ఆ ఊపుకి తగ్గట్టు ఆడమనిషి మోకాళ్లు వంచి అడుగు తీసి అడుగు వేసే తీరు మీ ఊపిరిని కూడా పట్టేస్తాయి. భార్యగా వేసిన నొబుకో ఒతోవా, భర్తగా వేసిన తైజి తోనోయామా ఇద్దరూ పేరున్న నటులే. కొండ ఎక్కేటప్పుడు ఆ సంగతి గుర్తుకే రాదు.

ఒకచోట ఆమె కాలు జారుతుంది. ఒక బకెట్టు ఒలికిపోతుంది. మొగుడు తన కావడి దించి, దగ్గరికి వచ్చి, చెంప మీద ఒక్కటి కొడతాడు. ఆమె కింద పడుతుంది, లేస్తుంది. ఇద్దరూ మళ్లీ పనిలో పడతారు. మాట లేదు, కన్నీళ్లు లేవు. చాలామంది మెచ్చుకుంటూ రాసేవాళ్లు ఈ దృశ్యాన్ని ‘నీటి విలువ’ కింద జమకట్టి దాటేస్తారు. నాకు అలా దాటబుద్ధి కాదు. నీళ్ల విలువ ఎంతైనా కావచ్చు, దెబ్బ పడింది మాత్రం ఆవిడ మీద. షిండో దాన్ని అందంగా చూపించలేదు, విడిగా నిలబెట్టి తప్పు పట్టనూ లేదు. కెమెరా దూరంగా ఉండిపోయింది.

ఈ సినిమా తీసేనాటికి షిండో వాళ్ల సొంత సంస్థ కిందయి ఎయిగా క్యోకాయ్ మూతపడే స్థితిలో ఉంది. పెద్ద స్టూడియోల మీద ఆధారపడకుండా సినిమాలు తీద్దామని 1950లో పెట్టుకున్న సంస్థ అది. పదిమందికి కాస్త ఎక్కువమంది బృందంతో, తక్కువ ఖర్చుతో ఇది తీశారు. 1961లో మాస్కో చలనచిత్రోత్సవంలో గ్రాండ్ ప్రీ వచ్చింది, ఒక సోవియట్ సినిమాతో పంచుకుంటూ. దాంతో దేశదేశాలకు అమ్ముడుపోయింది, సంస్థ నిలబడింది. మాటలు లేకపోవడం కూడా అమ్మకానికి కలిసొచ్చే ఉంటుంది, ఏ దేశంలోనూ అనువాదం ఖర్చు లేదు కదా!

ఇప్పుడు బ్రెజిల్‌ది. ఈశాన్య బ్రెజిల్‌లోని సెర్తావ్ అనే కరువు సీమ. 1940లో మొదలై 1942లో ముగిసే కథ. పశువుల కాపరి ఫాబియానో, అతని భార్య సిన్యా వితోరియా, ఇద్దరు పిల్లలు, బలేయా అనే కుక్క నడుచుకుంటూ వస్తుంటారు. ఆకలికి ఓర్చుకోలేక వెంట ఉన్న చిలకను చంపుకు తింటారు. అదెలాగూ మాట్లాడదు, దేనికీ పనికిరాదని తల్లి సర్దిచెప్పుకుంటుంది. గ్రాసిలియానో హామోస్ 1938లో రాసిన నవల దీనికి ఆధారం. ఆ రచయిత ఒకప్పుడు పల్మేయిరా దోస్ ఇందియోస్ అనే పట్టణానికి మేయరుగా చేశారు, సినిమా షూటింగు కూడా ఆ చుట్టుపక్కలే జరిగింది.

షూటింగు గురించి ఒక ముచ్చట చెప్పాలి. దర్శకుడు మొదట 1960లోనే బృందాన్ని వెంటబెట్టుకుని కరువు తీద్దామని వెళ్లాడు. వెళ్లేసరికి వాన! ఎండిపోయి ఉండాల్సిన నేలంతా పచ్చగా కళకళలాడిపోయింది. చేసేది లేక అక్కడికక్కడే ఇంకో కథ అల్లుకుని, ఇంకో సినిమా తీసుకుని వెనక్కి వచ్చాడు. రెండేళ్ల తర్వాత గానీ ఆయనకు కావలసిన ఎండ దొరకలేదు. ఆ ఎండను ఛాయాగ్రాహకులు లూయిజ్ కార్లోస్ బహేతో, జోజె హోజా ఉన్నదున్నట్టు పట్టేశారు. కెమెరాకు ఫిల్టర్లు వాడలేదు. ఆకాశం తెల్లగా మాడిపోయి ఉంటుంది, మనుషుల మొహాలు నల్లగా కమిలి కనిపిస్తాయి. చూస్తుంటే మనకే కళ్లు చికిలించాలనిపిస్తుంది.

ఇక పోలిక. మొదటిది శబ్దం. షిండో సినిమాలో మాట లేని చోటల్లా హికారు హయాషి సంగీతం ఉంది. ఆ బాణీ మంచిదే, కానీ మళ్లీ మళ్లీ వస్తుంది. కొండ ఎక్కుతున్న మనిషి కష్టానికి మనం ఎంత చలించాలో పక్కనుండి చెబుతున్నట్టు ఉంటుంది. నా మట్టుకు నేను సగం సంగీతం తీసేసి తెడ్డు చప్పుడు, నీళ్ల చప్పుడు ఉంచేవాణ్ణి. బ్రెజిల్ సినిమా పేర్లు పడేటప్పుడు వినిపించేది ఎడ్లబండి ఇరుసు కీచుమనే చప్పుడు. నూనె చూడని ఇరుసు అది. మనలో పల్లెల్లో పెరిగినవాళ్లకు ఆ మోత చెప్పక్కర్లేదు. చెవులు మూసుకోవాలనిపించేదాకా మోగుతూనే ఉంటుంది. జాలి పడమని అడిగే సంగీతం ఇందులో లేదు. ఈ లెక్కలో నా ఓటు బ్రెజిల్‌కే.

రెండోది, నా దృష్టిలో అసలైనది: ఈ కష్టానికి కారణం ఎవరు? జపాన్ సినిమా ఆ ప్రశ్న మీద నిలబడదు. దీవి, సముద్రం, ఎండ, ఋతువులు, వీటితో మనిషి పెనుగులాట. అందుకే అది ఎక్కడి వాళ్లకైనా అర్థమవుతుంది, అందుకే కొంచెం పురాణంలా కూడా ఉంటుంది. ‘విదాస్ సెకాస్’లో వాన పడుతుంది! వాన పడ్డాక కూడా వాళ్ల బతుకు మారదు. సినిమా గట్టిదనమంతా అక్కడుంది. ఫాబియానోకు పని దొరుకుతుంది. భార్య ఇంట్లో లెక్క కట్టి, రావలసింది ఇంత అని చెప్పి పంపుతుంది. పని ఇచ్చిన ఆసామి చేతిలో పెట్టింది అంతకంటే తక్కువ. ఇదేమిటంటే వడ్డీ అంటాడు. ఫాబియానో గొంతు పెంచబోయి, ఆసామి మొహం చూసి, క్షమించమని చెప్పి టోపీ చేత పట్టుకుని వచ్చేస్తాడు. ఊళ్లో ఒక పోలీసు జవాను పేకాటకు పిలుస్తాడు. ఆట మధ్యలో లేచిపోయాడన్న కోపంతో గొడవ పెట్టుకుని జైల్లో వేయించి కొట్టిస్తాడు. అతను లోపల మూలుగుతుంటే బయట పండగ, పెద్దల ముందు ఆటపాటలు. రెండిటినీ కలిపి చూపిస్తాడు దర్శకుడు. పక్కనే ఎవరూ ఉపన్యాసం చెప్పరు.

ఇంకా తర్వాత అదే జవాను ముళ్లపొదల మధ్య దారి తప్పి ఒంటరిగా దొరుకుతాడు. ఫాబియానో చేతిలో కత్తి ఉంది. ఎత్తుతాడు. చాలాసేపు ఎత్తే ఉంచుతాడు. దించేసి, దారి చూపించి పంపేస్తాడు. మన సినిమాలు చూసి పెరిగిన కంటికి ఇది మింగుడుపడదు. అది మంచితనమా, భయమా, ప్రభుత్వం అంటే తలవంచే అలవాటా? ముగ్గురితో కూర్చుని చూస్తే మూడు జవాబులు వస్తాయి.

పిల్లల విషయంలో కూడా తేడా ఉంది. దీవి మీది పిల్లలు ఒకరోజు పెద్ద చేప పడతారు. ఆ చేపను అమ్మడానికి కుటుంబమంతా పట్నం వెళ్తుంది, అక్కడ హోటల్లో తింటారు, దుకాణంలో టీవీ చూసి నోరెళ్లబెడతారు. సినిమా మొత్తంలో వాళ్లు సరదాగా ఉన్న రోజు అదొక్కటే. చూపించినంతసేపూ హాయిగా ఉంటుంది. బ్రెజిల్ పిల్లలకు పేర్లు కూడా లేవు, పెద్దోడు, చిన్నోడు అంతే. పెద్దోడు ఎక్కడో ‘నరకం’ అన్న మాట విని, అంటే ఏమిటని తల్లిని అడుగుతాడు. చెడ్డచోటు అంటుంది. నువ్వు చూశావా అని మళ్లీ అడిగితే నెత్తి మీద ఒక్కటి మొడుతుంది. వాడు బయటికొచ్చి కూర్చుని ఎండిన నేల వైపు, చెట్ల వైపు, ఇంటి వైపు చూస్తూ ఆ మాటే గొణుక్కుంటాడు. అంతకంటే ఏమీ జరగదు ఆ దృశ్యంలో.

చావుల దగ్గర మాత్రం తీర్పు చెప్పడం కష్టమైంది నాకు. దీవిలో పెద్ద కొడుక్కి జబ్బు చేస్తుంది. తండ్రి పడవేసుకుని డాక్టరు కోసం పరుగెత్తి తీసుకొచ్చేసరికి పిల్లాడు పోయాడు. బడి పిల్లలు, పంతులమ్మ పడవలో వచ్చి కడసారి చూసి వెళ్తారు. మర్నాటి నుంచి మళ్లీ కావడే. ఒకరోజు మొక్కలకు నీళ్లు పోస్తూ పోస్తూ తల్లి బకెట్టు విసిరికొడుతుంది, మొక్కలు పీకి పారేస్తుంది, నేల మీద పడి ఏడుస్తుంది. ఇందాక ఒక బకెట్టు ఒలికినందుకు కొట్టిన మొగుడు ఇప్పుడు చూస్తూ నిలబడతాడు, చెయ్యెత్తడు. గంట పైగా మనం చూసిన నీళ్ల మోత అంతా ఈ క్షణానికి పెట్టుబడి. అప్పటిదాకా నాకు కొంచెం తీపిగా అనిపించిన సినిమా ఇక్కడ తీపినంతా కక్కేస్తుంది.

అక్కడ చచ్చేది కుక్క. మళ్లీ కరువు వచ్చింది, వలస పోవాలి, కుక్కకు జబ్బు. తల్లి పిల్లల్ని లోపల పెట్టి చెవులు మూస్తుంది. తండ్రి తుపాకీ తీసుకుంటాడు. గురి సరిగ్గా కుదరదు. దెబ్బతిన్న కుక్క ఈడ్చుకుంటూ పోయి పడుకుంటుంది, దాని కళ్లెదుట అది వేటాడే చిన్న ప్రాణులు తిరుగుతుంటాయి, దానికి లేచే ఓపిక లేదు. కెమెరా కుక్క ఎత్తుకు దిగిపోయి ఉంటుంది. 1964లో ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవంలో చూసినవాళ్లు నిజంగానే చంపేశారని గోల చేస్తే, కుక్కను విమానంలో తెప్పించి చూపించాల్సి వచ్చింది. మనుషులు ఆకలితో నడుస్తున్నంతసేపూ రాని గోల అది! ఆ ఏడాది ఏప్రిల్ మొదట్లోనే బ్రెజిల్‌లో సైన్యం అధికారం పట్టుకుంది. భూసంస్కరణల చర్చకు ఊతంగా తీసిన సినిమా పై దేశంలో చప్పట్లు అందుకునే సమయానికి ఇంట్లో ఆ చర్చ చేసే వీలే పోయింది.

ఈ రెండిటి మధ్యలో ఇంకో సినిమాను తలుచుకోకుండా ఉండలేను. సెనెగల్‌లో ఉస్మాన్ సెంబెన్ 1963లో తీసిన ‘బోరోమ్ సారెత్’. ఇరవై నిమిషాలే. డకార్ నగరంలో గుర్రబ్బండి తోలుకునేవాడి ఒక రోజు. పూర్వీకుల గొప్పలు పాడే గాయకుడు తన వంశాన్ని పొగుడుతుంటే ఉబ్బిపోయి, పొద్దుటినుంచి సంపాదించింది అతనికే ఇచ్చేస్తాడు. తర్వాత ఒక పెద్దమనిషి మాట నమ్మి, బండ్లు రాకూడని దొరల పేటకు తోలుతాడు. పోలీసు బండి లాక్కుంటాడు, పెద్దమనిషి కనబడడు. ఖాళీ చేతులతో ఇంటికి వస్తే భార్య బిడ్డను అతని చేతికిచ్చి, ఈ రాత్రికి తిండి ఉంటుందని చెప్పి బయటికి వెళ్తుంది. ఎక్కడికని సినిమా చెప్పదు. షిండో చూపిన ఒళ్లు వంచిన పని, బ్రెజిల్ సినిమా అడిగిన ‘ఎవరు కారణం’, రెండూ ఆ ఇరవై నిమిషాల్లో ఉన్నాయి. నిలకడ మాత్రం లేదు, తెర వెనక నుంచి గొంతు చెప్పే మాటలు కాస్త ఎక్కువ.

అయితే ఏది ముందు? ఇంట్లో సబ్‌టైటిల్స్ చదవలేని పెద్దవాళ్లు పక్కన కూర్చుంటే ‘నేకెడ్ ఐలండ్’ పెట్టండి. చదవాల్సింది ఏమీ లేదు, నీళ్ల కోసం నడిచిన తరం కాబట్టి మీకంటే వాళ్లకే బాగా అందుతుంది. ఫోను పక్కన పెట్టి చూడాలి, ముక్కలు ముక్కలుగా చూస్తే మిగిలేది ఏమీ ఉండదు. ఒక్కరే ఉన్నారు, ఒక్క సాయంత్రమే ఉంది అంటే ‘విదాస్ సెకాస్’. గొప్ప సినిమా అదే అని నా తీర్పు. పాలమూరు నుంచి బొంబాయికి, అనంతపురం నుంచి బెంగళూరుకి మూట సర్దుకున్న కుటుంబాలు ఎరిగిన మనకు ఆ ఆసామి లెక్కల పుస్తకం కొత్తేమీ కాదు. చూసేటప్పుడు మంచి ప్రింటు వెతుక్కోండి. అరిగిపోయిన కాపీలో ఆ తెల్లటి ఎండ ఉత్త తెల్లకాగితంలా కనిపిస్తుంది, సినిమాటోగ్రఫీ గురించి నేను చెప్పిందంతా అబద్ధమనుకుంటారు. ఇరవై నిమిషాలే ఉన్నాయంటారా, సెంబెన్ ఉన్నాడు.