వైజాగ్ రాళ్ళా, సూర్యలంక ఇసుకా, నిజాంపట్నం పాయా: ఫిబ్రవరి, మార్చిల్లో గాలానికి ఏది మేలు?

సంక్రాంతి వెళ్ళి పొద్దుటి మంచు తగ్గుముఖం పట్టాక గుంటూరు, విజయవాడల్లో గాలం సరదా ఉన్నవాళ్ళ చూపు కృష్ణ మీంచి సముద్రం వైపు మళ్ళుతుంది. అప్పటికి ఈశాన్య గాలుల జోరు తగ్గిపోతుంది, నైరుతి అలలు ఇంకా లేవవు, తుఫాను భయమూ తక్కువే. ఒడ్డున నిలబడి రాడ్డు విసిరేవాళ్ళకి ఏడాదిలో ఇంతకంటే అనువైన రోజులు దొరకవు. చేతిలో ఉన్నది ఒక్క శని, ఆదివారం. ఎటు పోవాలి?

చాలామంది ముందు ఊరు అనుకుని, తర్వాత సెలవు చూసుకుంటారు. నేనైతే ముందు తిథి చూస్తాను. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ పోటు, పాటు పెద్దవి, అష్టమి చుట్టూ చిన్నవి. రాళ్ళకి పనికొచ్చే రోజు పాయకి పనికిరాదు, పాయకి మంచి రోజు రాళ్ళ మీద ప్రమాదం. ఈ లెక్క పట్టుకుంటే సగం చర్చ అక్కడే తేలిపోతుంది.

వైజాగ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. తూర్పు కనుమల కొండలు అక్కడ సముద్రం దాకా వచ్చేస్తాయి. యారాడలో, తెన్నేటి పార్కు కింద, తొట్లకొండ ఎదురుగా, భీమిలి దారి పొడవునా రాళ్ళు నీళ్ళలోకి దిగి ఉంటాయి. మన డెల్టా తీరంలో లోతు మెల్లగా పెరుగుతుంది, అక్కడ చాలాచోట్ల రాయి అంచునే లోతు. ఫిబ్రవరిలో నీళ్ళు కూడా తేటగా ఉంటాయి కాబట్టి లూర్ (చేపపిల్లలా కనబడే ఉత్తుత్తి ఎర) వేస్తే చేపకి కనబడుతుంది. కవళ్ళు, కానాగంతల్లాంటి చిన్నచేపల్ని తరుముకుంటూ పార చేపలు (ట్రెవల్లీలు) రాళ్ళ దగ్గరికొస్తాయి. తెల్లవారుజామున నేల మీంచి సముద్రం వైపు వీచే గాలికి లైను బాగా సాగుతుంది, అలలు కూడా అణిగి ఉంటాయి. పొద్దెక్కాక సముద్రపు గాలి తిరిగిందంటే ఆ సుఖం ఉండదు.

మార్చి వచ్చేసరికి దక్షిణపు గాలి పుంజుకుంటుంది. తీరం వెంట పైనీరు సముద్రం లోపలి వైపు జరిగి, అడుగునుంచి చల్లటి నీరు పైకి వస్తుంది. ఆ నీటితో పోషకాలు వచ్చి చిన్నచేపకి మేత పెరుగుతుంది, కానీ నీళ్ళు పచ్చబడతాయి. అప్పుడు లూర్ పక్కన పెట్టి రొయ్య ఎర వాడుకోవడమే మంచిది.

ఇక భయం విషయం. ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో తుఫాను లేస్తే అది లేపిన పొడవాటి అలలు, అంటే ఉబ్బు (స్వెల్), కొన్ని రోజులకి మన తీరానికి చేరుతుంది. ఇక్కడ గాలే ఉండదు, సముద్రం నిద్రపోతున్నట్టే ఉంటుంది, ఉన్నట్టుండి మూడు నాలుగు పెద్ద అలలు వరసగా వచ్చి రాయిని కడిగేస్తాయి. అందుకే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) ఇచ్చే సముద్ర సూచనలో అల ఎత్తొక్కటే చూసి ఊరుకోకూడదు, అలకీ అలకీ మధ్య ఎన్ని సెకన్లో కూడా చూడాలి. ఎత్తు మీటరు లోపే ఉన్నా సెకన్లు 12 దాటితే అది దూరం నుంచి వచ్చిన ఉబ్బే అనుకుని నేను రాయెక్కను. రాయి తడిగా నల్లగా ఉందంటే అల అక్కడిదాకా వస్తోందన్నమాట. ఎక్కే ముందు ఓ పావుగంట దూరం నుంచి చూడాలి, లైఫ్ జాకెట్ వేసుకోవాలి, సముద్రానికి వీపు పెట్టకూడదు. పెద్ద పోటు రోజున అక్కడ నీరు మీటరున్నర దాకా లేస్తుంది. వచ్చేటప్పుడు నడిచిన దారి వెళ్ళేటప్పుడు ఉండదు. కాబట్టి రాళ్ళకి అష్టమి చుట్టూ రోజులే.

సూర్యలంక గురించి ఇంత చెప్పక్కర్లేదు. గుంటూరు నుంచి పొన్నూరు, బాపట్ల మీదుగా సుమారు 60 కిలోమీటర్లు, చీకట్లో బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండొచ్చు. పన్నెండు, పదమూడు అడుగుల రాడ్డు, బరువైన సీసం గుండు, రొయ్య ఎర. ఒడ్డుకీ మొదటి ఇసుక మేటకీ మధ్య ఉండే పల్లంలో ఎర పడాలి, అంతకంటే దూరం విసరాలని తాపత్రయపడక్కర్లేదు. నీళ్ళు కలకగా ఉంటాయి కనక లూర్ దండగ. గొరకలు, జెల్లలు, అప్పుడప్పుడు టేకు చేపలు (రే) పడతాయి. జెల్ల ముల్లు గుచ్చుకుంటే నొప్పి మామూలుగా ఉండదు. కాలనంత వేడి నీళ్ళలో చెయ్యి ముంచితే తగ్గుతుంది, ముల్లు విరిగి లోపలుంటే డాక్టర్ దగ్గరికే. మాఘ పౌర్ణమికి మాత్రం వెళ్ళకండి, స్నానాలకొచ్చే జనం మధ్య గాలం విసరడం టెన్షన్. పక్కనే ఎయిర్ ఫోర్స్ స్టేషన్ ఉంది, క్షిపణి ప్రయోగాల హెచ్చరిక ఉందేమో ముందే కనుక్కోండి. ఈ నెలల్లో తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి, రాత్రి ఇసుక మీద టార్చిలైట్లు తిప్పొద్దు. పిల్లల్ని తీసుకెళ్ళాలంటే ఇదే సరి. చేప కోసమే అయితే నా మొదటి ఓటు దీనికి పడదు.

నా ఓటు నిజాంపట్నం పాయకి. తెనాలి, రేపల్లె దాటి వెళ్ళాలి, చూడ్డానికి అందమైన చోటేం కాదు. బురద, దోమలు, బోట్ల డీజిల్ వాసన. కానీ ఈ కాలంలో ఎగువనుంచి మంచినీరు రావడం తగ్గి, పోటుతోపాటు ఉప్పునీరు పాయలోకి ఎక్కుతుంది, దాంతో పండుగప్ప లోపలికొస్తుంది. పౌర్ణమికో అమావాస్యకో వెళ్తే నీటి నడక బలంగా ఉంటుంది, పోటు ఎక్కేటప్పుడూ పాటు మొదలైన మొదటి గంటలోనూ చేప కదులుతుంది. మధ్యలో నీరు నిలబడిపోయినప్పుడు టీ తాగడం తప్ప పనేం లేదు. అలల భయం లేదు, ఉబ్బు పట్టింపు లేదు. మడ అడవుల వైపు వెళ్ళేటప్పుడు మాత్రం కృష్ణా అభయారణ్యం హద్దు ఎక్కడో స్థానికుల్ని అడగాలి, లోపల గాలం వేయకూడదు.

మరి వైజాగ్? విజయవాడ నుంచి 350 కిలోమీటర్లు, రైల్లో ఆరు గంటలు, రూము ఖర్చు, రాళ్ళలో తెగిపోయే లూర్ల ఖర్చు. అయినా ఫిబ్రవరిలో అష్టమి దగ్గర శని, ఆదివారాలు పడి, ఇన్‌కాయిస్ సూచనలో ఉబ్బు లేకపోతే నేను నిజాంపట్నం మానేసి రాత్రి బండెక్కుతాను. పార గాలానికి తగిలినప్పటి లాగుడు పాయలో దొరకదు. మార్చి రెండో సగంలో మాత్రం అంత దూరం పోను.

బోటు మాట్లాడుకుని లోపలికి వెళ్ళే ఆలోచన ఉంటే ఏప్రిల్ 14 లోపే. 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మోటారు బోట్ల వేటకి నిషేధం. ఒడ్డున గాలం వేసేవాళ్ళ కోసం పెట్టింది కాదది. కాకపోతే అప్పటికి తొమ్మిదయ్యేసరికే ఎండకి రాయి మీద కాలు నిలవదు.