"గ్రానైట్ కోటింగ్" దోసె పెనం: అమెరికాలో ఆన్‌లైన్‌లో కొనేముందు ఇది చదవండి

డాలస్‌లో మా అపార్ట్‌మెంట్‌లో ఉన్నది ఎలక్ట్రిక్ గ్లాస్‌టాప్ పొయ్యి. దాని మీదకని ఆన్‌లైన్‌లో "గ్రానైట్ స్టోన్ కోటింగ్" అని రాసి ఉన్న నాన్‌స్టిక్ దోసె పెనం తెప్పించుకున్నాం. రేటింగులు బ్రహ్మాండంగా ఉన్నాయి. మొదట్లో దోసెలు నూనె చుక్క లేకుండా లేచాయి కూడా. రిటర్న్ గడువు దాటిన కొన్నాళ్ళకి పెనం మధ్యలో ఉబ్బింది. పిండి పోసి గరిటెతో తిప్పుతుంటే అంచులకి జారిపోయి, దోసె నడుమ పల్చగా, చుట్టూ మందంగా వచ్చేది. ఆ తర్వాత, చెక్క అట్లకాడే వాడుతున్నా, నడుమ చిన్న చిన్న పొక్కులు లేచాయి. ఓ పొద్దున పాపకి పెట్టిన దోసె అడుగున నల్లటి పొట్టు అంటుకుని ఉంది. ఆ రోజే పెనం పక్కన పెట్టేశాం.

పెట్టె మీద "లైఫ్‌టైమ్ వారంటీ" అని ఉంది కదా అని అమ్మినవాళ్ళకి రాస్తే, ఫోటోలు అడిగి, "ఎక్కువ వేడి చేశారు, వారంటీ వర్తించదు" అన్నారు. గీతలు, మరకలు, వేడి వల్ల వచ్చే పాడు, ఇవేవీ అందులోకి రావట. పెనం పాడయ్యే దారులన్నీ ముందే మినహాయించేశారు. పరిశీలనకి పంపాలంటే ఆ పోస్టేజీ కూడా మనదే. కాబట్టి ఆ మాట చూసి నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టకండి.

ఇక "గ్రానైట్". ఆ చుక్కల డిజైను చూసి రాతి పెనం అనుకుంటాం. చాలావాటిలో కింద ఉండేది అల్యూమినియం, పైన మామూలు నాన్‌స్టిక్ పూతే: టెఫ్లాన్ రకం పి.టి.ఎఫ్.ఇ. గానీ, సిలికాతో చేసే సెరామిక్ గానీ. సెరామిక్‌లో టెఫ్లాన్ ఉండదు, కానీ జారుడుతనం త్వరగా పోతుంది.

"పి.ఎఫ్.ఓ.ఏ. లేదు" అన్న ముద్ర ఇంకా పెద్ద మాయ. టెఫ్లాన్ తయారీలో ఒకప్పుడు వాడిన ఆ రసాయనాన్ని ఇక్కడి పెద్ద తయారీదారులు 2015 నాటికే మానేశారు. ఆ ముద్ర ఉన్నంత మాత్రాన టెఫ్లాన్ లేనట్టు కాదు. అసలు సంగతి తెలియాలంటే ఓ దారి ఉంది. కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఆహారానికి తగిలే భాగంలో కావాలని కలిపిన ఇలాంటి రసాయనాల పేర్లు 2023 నుంచి తయారీదారు వెబ్‌సైట్‌లో, 2024 నుంచి లేబుల్ మీద చూపాలి. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నా ఆ పేజీ తెరిచి చూడొచ్చు. అలాంటి పేజీయే లేని బ్రాండు అయితే వదిలేయండి. మిన్నెసోటాలో ఐతే 2025 జనవరి నుంచి పీఫాస్ (టెఫ్లాన్, పి.ఎఫ్.ఓ.ఏ. లాంటి ఫ్లోరిన్ రసాయనాల కుటుంబం) కలిపిన వంటపాత్రల అమ్మకమే నిషేధం.

రాలిన పొట్టు కడుపులోకి పోతే అరక్కుండా బయటికి పోతుందంటారు. నాకు భయం వేడితోనే. టెఫ్లాన్ పూత దాదాపు 260 డిగ్రీల సెల్సియస్ దాటితే పాడవడం మొదలుపెడుతుంది, 350 దాటితే విషపు పొగలు వస్తాయి. ఆ పొగకి మనుషులకి జ్వరం లాంటిది వస్తుంది, ఇంట్లో చిలకలుంటే చచ్చిపోతాయి. మనకేమో ఇనప పెనం అలవాటు: ఖాళీగా పెద్ద మంట మీద కాల్చి, నీళ్ళు చల్లి చుయ్యిమంటే పిండి పోస్తాం. పల్చటి నాన్‌స్టిక్ పెనాన్ని హై మీద ఖాళీగా ఉంచితే కొద్ది నిమిషాల్లోనే ఆ హద్దు దాటుతుంది. మీడియం దాటించకండి. కాలిన పెనం మీద చన్నీళ్ళు గుమ్మరించకండి, అడుగు వంకరపోయేది అలాగే. డబ్బా స్ప్రే నూనెలు కూడా వద్దు, వాటి జిగురు పూతకి పట్టి వదలదు.

వీలైతే దుకాణానికెళ్ళి చేత్తో పట్టుకుని కొనండి. బరువు ఉండాలి, అడుగు మీద స్టీలు స్కేలు పెడితే మధ్యలో సందు కనిపించకూడదు. ఇండక్షన్ పొయ్యి అయితే ఫ్రిజ్ మాగ్నెట్ తీసుకెళ్ళండి, అడుగుకి గట్టిగా అంటుకోవాలి. ఆన్‌లైన్‌లోనే తీసుకుంటే రాగానే పొయ్యెక్కించకుండా ముందు ఈ పరీక్షలు చేయండి. వాడని పెనమైతే వెనక్కి పంపడం తేలిక.

మేమిప్పుడు లాడ్జ్ వాళ్ళ పోత ఇనుము గ్రిడిల్ (చదునైన పెనం) వాడుతున్నాం. 1896 నుంచీ టెనెసీలో పోత పోస్తున్న కంపెనీ, ధర కూడా అందుబాటులోనే. మొదట్లో దోసెలు అంటుకున్నాయి. సగం కోసిన ఉల్లిపాయని నూనెలో ముంచి రుద్దుతూ ఉంటే దారికొచ్చింది. గ్లాస్‌టాప్ మీద మాత్రం ఈడ్చకండి, ఎత్తి పెట్టండి, గీతలు పడితే అపార్ట్‌మెంట్ వాళ్ళు డిపాజిట్‌లో కోస్తారు.