డడారియో ఈఎక్స్‌ఎల్ 170 బేస్ స్ట్రింగ్స్: ఎన్నాళ్ళు వస్తాయి, ఎప్పుడు మార్చాలి

ముందే తేల్చి చెప్పేస్తాను. బేస్ గిటార్‌కి వేసే డడారియో కంపెనీ తీగల సెట్టు ఇది, వైజాగ్ లాంటి సముద్రపు గాలి ఊళ్ళో, వారానికి మూడు నాలుగు సార్లు గట్టిగా వాయించేవాడి చేతిలో పడితే, కొత్త తీగ ఖంగుమని మోగే ఆ మోత నెల రోజులు మించి ఉండదు. అలాగని నెలకే పీకి పారేయాల్సిన పని లేదు, తుడుచుకుంటూ వాడితే ఆరు నెలల పైనే లాగుతుంది. "మోత పోవడం" వేరు, "తీగ పోవడం" వేరు. ఈ రెండూ ఒకటే అనుకుని కొందరు నెలనెలా డబ్బు తగలేస్తారు. ఇంకొందరు నల్లబడిన తీగల మీదే ఏళ్ళ తరబడి వాయిస్తూ, బేస్ స్పష్టంగా రావట్లేదని ఆంప్లిఫయర్‌నీ, పెడల్‌నీ, చివరికి సౌండ్ బాక్సుల కుర్రాణ్నీ తిడతారు.

నేను వాయించేది మామూలు 34 అంగుళాల స్కేలు (అంటే తీగ మోగే పొడవు) నాలుగు తీగల బేస్. ఆదివారం చర్చిలో, ముహూర్తాల సీజన్‌లో ఆర్కెస్ట్రాతో పెళ్ళిళ్ళలో, మధ్యలో రిహార్సల్స్. స్టూడియో పని తక్కువే. ఈ లెక్క ఎందుకు చెబుతున్నానంటే, తీగలు ఎన్నాళ్ళొస్తాయి అని అడిగేవాళ్ళు ఎవరూ తాము ఎంత వాయిస్తారో చెప్పరు. వారానికో గంట ఇంట్లో వాయించేవాడికి ఇదే సెట్టు ఏడాది దాటినా ఆశ్చర్యం లేదు.

సెట్టులో నాలుగు తీగలు, మందం 45, 65, 80, 100. ఇది అంగుళంలో వెయ్యోవంతుల లెక్క, కాబట్టి లావుపాటి ఇ తీగ 2.54 మిల్లీమీటర్లు, సన్నని జి తీగ 1.14 దాకా ఉంటుంది. ఇదే కంపెనీ 165 నంబరు సెట్టులో ఇ (E) తీగ 105, ఏ (A) తీగ 85. చెయ్యి బరువుగా పడేవాళ్ళు అది తీసుకుంటారు, నాకు 170యే సుఖం. లోపల ఆరు పలకల ఉక్కు తీగ, దాని మీద నికెల్ పూత పూసిన గుండ్రటి ఉక్కు తీగ చుట్టి ఉంటుంది, దీన్నే రౌండ్‌వౌండ్ అంటారు. నికెల్ అనేది పైపూత మాత్రమే, లోపలంతా ఉక్కే. వేలు పడేచోట, ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) తగిలేచోట ఆ పూత అరిగిపోయాక కింద ఉక్కు బయటపడుతుంది, ఇక మన బీచ్ గాలికి దాన్ని తుప్పు పట్టించడం ఒక లెక్కా?

కొత్తగా వేసిన మొదటి రెండు మూడు రోజులు నాకు అసలు నచ్చవు. మరీ ఇనపగోల. వేలు తీగ మీద జరిగినప్పుడల్లా వచ్చే ఆ గీరుడు శబ్దం చర్చిలో నిదానపు పాట మధ్యలో మైకుల్లోంచి వినపడితే సిగ్గేస్తుంది. స్లాప్, అంటే బొటనవేలితో తీగని కొట్టి వాయించేవాళ్ళకీ, రాక్ వాళ్ళకీ ఆ మోతే కావాలి, వాళ్ళ గొడవ వేరు. నాకైతే రెండో వారం నుంచి మూడు నాలుగు నెలల దాకా ఈ తీగలు ఇచ్చే సౌండే అసలు సౌండ్: కింద నిండుదనం ఉంటుంది, పైన స్పష్టత కొంచెం మిగిలే ఉంటుంది, కీబోర్డు ఎడమచేయి ఎంత మోగినా బేస్ విడిగా వినిపిస్తుంది. ఇళయరాజా పాటల్లో పల్లవి కింద బేస్ తన దారిన తాను నడుస్తుంది చూడండి, అలాంటివి వాయించడానికి ఈ నడివయసు తీగలంత బాగా కొత్తవి పలకవు. ఇది నా చెవి సంగతి, మీ చెవి మీది.

తీగ ఎందుకు చచ్చిపోతుందో తెలిస్తే ఎప్పుడు మార్చాలో అర్థమవుతుంది. తీగ శుభ్రంగా పలకాలంటే దాని బరువు ఈ చివర నుంచి ఆ చివరదాకా సమంగా ఉండాలి. మన చెమట, నూనె, చచ్చిన చర్మం, దుమ్ము అన్నీ ఆ చుట్ల మధ్య సందుల్లోకి దూరి గట్టిపడతాయి. అక్కడక్కడా బరువు పెరుగుతుంది, చుట్లు స్వేచ్ఛగా కదలవు. ముందు పై స్వరాలు, అంటే ఆ మెరుపు, మాయమవుతుంది. తరవాత ఓవర్‌టోన్లు, అంటే ఆ పై స్వరాలే, ఒకదానితో ఒకటి పొసగక స్వరం మసకబారుతుంది. ఇ తీగ లావు, చుట్ల సందులూ పెద్దవి, అందుకే ముందు పోయేది అదే. 41 హెర్ట్జ్ మీద మోగే తీగ అది, పై స్వరాల సాయం లేకపోతే చిన్న స్పీకర్లలో దాని ఉనికే తెలియదు. "అన్నా, కింద తీగ మీద ఏం వాయిస్తున్నావో తెలీట్లేదు, ఉత్త గుంయ్ అంటోంది" అని మా సౌండ్ తమ్ముడు అన్నాడంటే, నా ఇ తీగ ఆయుష్షు తీరిందని అర్థం. ఈక్వలైజర్‌లో ట్రెబుల్ ఎంత పెంచినా తీగలో లేనిది ఎక్కణ్నుంచి వస్తుంది, రొద తప్ప.

ఇంకోటి ఫ్రెట్ల దెబ్బ. తీగని కాస్త పైకెత్తి, మూడో ఫ్రెట్ నుంచి ఏడో ఫ్రెట్ దాకా తీగ అడుగున గోరు పెట్టి మెల్లగా లాగండి. ఒక్కోచోట గోరు చటుక్కున ఆగుతుంది. టార్చి వేసి చూస్తే అక్కడ చుట్లు అణిగి, నల్లటి తీగ మీద చిన్నచిన్న మెరిసే గాట్లు కనిపిస్తాయి. రోజూ ఒకే ఫ్రెట్ మీద నొక్కి నొక్కి పడ్డ గుంటలవి. మురికిని కడగొచ్చు, గాటుని ఏం చేసినా పూడ్చలేం. ఇలా గాట్లు లోతుగా దిగాయంటే ఇంక మార్చేయడమే.

అసలు పరీక్ష మాత్రం ట్యూనర్‌తోనే. 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగని నొక్కకుండా వేలు తాకించి మీటితే వచ్చే స్వరం) మోగించి చూడండి, తరవాత అదే ఫ్రెట్‌ని నొక్కి మోగించండి. రెండూ ఒకే స్వరం చూపించాలి. బ్రిడ్జి మీద సాడిల్ (తీగ ఆనే చిన్న దిమ్మ) ఎంత జరిపినా ఈ రెండూ కలవట్లేదంటే, లేదా ఓపెన్ తీగ శ్రుతిలో ఉండి పై ఫ్రెట్లలో తేడా కొడుతోందంటే, బేస్‌ని రిపేరుకి ఇచ్చేముందు కొత్త తీగలు వేసి చూడండి. చాలాసార్లు రోగం తీగల్లోనే ఉంటుంది. సూది ఒకచోట నిలవకుండా అటూఇటూ ఊగడం కూడా ముసలి తీగ లక్షణమే. ఈ సెట్టులో నాకు ఆ దశ ఆరో నెల తరవాతే వస్తోంది. వాయింపు లెక్కన చూస్తే ఆ ధరకి ఇది చాలా న్యాయం.

ఇక చేతుల సంగతి. ఒకే సెట్టు ఇద్దరికి ఒకేలా రాదు, ఇది నూటికి నూరుపాళ్ళు నిజం. మా ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించే బావగారి చెయ్యి పొడిబారి ఉంటుంది, ఆయన తీగలు ఏడాదైనా తళతళలాడతాయి. నాది తడి చెయ్యి. మే నెల పెళ్ళి, షామియానా కింద, మొహం మీదే హాలోజన్ లైట్లు, ఒక్క రాత్రికి ఇ తీగ వయసు రెండు వారాలు పెరుగుతుంది. దానికి తోడు మధ్యలో భోజనాల విరామం. బిరియాని తిని, టిష్యూతో పైపైన తుడుచుకుని వచ్చి రెండో సెషన్ మొదలెడితే ఆ నూనె అంతా ఎక్కడికి పోతుంది? సబ్బుతో చేతులు కడుక్కుని వాయించడం, అయ్యాక పొడి కాటన్ గుడ్డతో ఒక్కో తీగనీ పైనా కిందా చుట్టి పట్టుకుని లాగి తుడవడం, ఈ రెండే తీగల ఆయుష్షు పెంచుతాయి. గుడ్డ మీద నల్లగా చార పడుతుంది, అది తీగలోంచి బయటికొచ్చిన టోన్ అనుకోండి. "ఏటి మరిదీ, పెళ్ళికూతురికి పౌడరు రాసినట్టు రోజూ రుద్దుతావు" అని బావగారు ఏడిపిస్తూనే ఉంటారు. పొడి చేతుల వాళ్ళకి ఇవన్నీ ఎలా తెలుస్తాయి.

పాత తీగల్ని ఉడకబెట్టడం గురించి అడుగుతారు. పనిచేస్తుంది, కాదనను. మరిగే నీళ్ళలో కొద్ది నిమిషాలుంచితే జిడ్డు వదిలి మోత కొంత తిరిగొస్తుంది, కానీ కొన్నాళ్ళకే మళ్ళీ మొదటికి వస్తుంది. చుట్ల లోపల తడి మిగిలితే తుప్పుకి మనమే పీట వేసినట్టు. దానికన్నా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మేలు, మూత బిగుతుగా ఉన్న పైపులో రాత్రంతా నానబెట్టి ఆరనిస్తే చాలు, నీటి బెడద ఉండదు. స్టవ్వు దగ్గర ఆ పని పెట్టుకోకండి, బేస్ పాలిష్ మీద పడనివ్వకండి. ఏదైనా ఒకటి రెండు సార్లే. విప్పి చుట్టిన ప్రతిసారీ పెగ్ (తీగ చుట్టుకునే మేకు) దగ్గర మడత పడిన చోట తీగ బలహీనమవుతుంది, పైగా ఫ్రెట్ల గాట్లు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి.

పూత ఉన్న తీగల మాటేంటి అంటే, ఎలిక్సిర్ నానోవెబ్ కూడా వాడాను. గోర్‌టెక్స్ బట్ట తయారుచేసే గోర్ కంపెనీదే అది. చుట్ల మీదుగా పల్చటి పాలిమర్ పొర ఉంటుంది, మురికి సందుల్లోకి దిగదు. మోత నిజంగానే ఎక్కువ కాలం నిలుస్తుంది, నా తడి చేతికి కూడా మూడు నెలలు తాజాగా ఉంది. ధర దాదాపు రెండింతలు. స్పర్శ కాస్త జారుడు, కొందరికి అదే ఇష్టం, నాకు వేలికి గరుకు తగలాలి. మెరుపు ముఖ్యమైన వాళ్ళకి, ముఖ్యంగా కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరం ఊళ్ళ వాళ్ళకి, ఆ డబ్బు దండగేమీ కాదు. నాకు కావలసింది మెరుపు తగ్గాక వచ్చే సౌండ్ కాబట్టి, దాన్ని ఆపి ఉంచడానికి రెండింతలు కట్టడం అనవసరం.

అసలు మార్చే గొడవే వద్దు అనుకుంటే ఫ్లాట్‌వౌండ్ ఉంది. పైచుట్టు గుండ్రంగా కాక బల్లపరుపు రేకులా ఉంటుంది, మురికి పట్టే సందులే తక్కువ, ఏళ్ళ తరబడి వస్తాయి. అమెరికాలో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ లావుపాటి లాబెల్లా ఫ్లాట్స్ వేసుకుని, తెగితే తప్ప మార్చేవాడు కాదు. అటువైపు ద హూ బ్యాండ్ జాన్ ఎంట్విసిల్‌కి పియానోలా మోగే తీగ కావాలి, 1966లో తీగల కంపెనీ రోటోసౌండ్ వాళ్ళతో కూర్చుని రౌండ్‌వౌండ్ తీగలు చేయించుకున్నాడు. ఇద్దరూ మహానుభావులే, మరి ఎవరి ప్రకారం తీగలు మార్చాలి? నీకు ఏ సౌండ్ కావాలో తేలకుండా తీగకి గడువు పెట్టలేం. నా వరకు, పెళ్ళి బ్యాండులో అరవైల పాట నుంచి నిన్నటి మాస్ బీటు దాకా అన్నీ వాయించాలి కాబట్టి ఫ్లాట్స్ కుదరవు. ఒక్క చర్చికే అయితే ఈపాటికి వేసేసేవాణ్ని.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఆన్‌లైన్‌లో సగం ధరకి ఒక అమ్మకందారు దగ్గర తెప్పించిన సెట్టు నకిలీ అని తేలింది. పైకి అట్ట ఒకేలా ఉంది, కానీ అచ్చు మసకగా ఉంది, లోపల తీగలు అప్పటికే మచ్చలు పడి ఉన్నాయి, ఏ (A) తీగ వేసిన గంటకే శ్రుతి జారడం మొదలైంది. అసలుది గాలి చొరబడకుండా సీలు చేసిన కవరులో వస్తుంది, లోపల కోడ్ ఉంటుంది, కంపెనీ సైటులో కొట్టి చూసుకోవచ్చు. డిస్కౌంటు మరీ ఎక్కువుంటే అనుమానించండి. మ్యూజిక్ షాపులో వంద రెండొందలు ఎక్కువైనా కళ్ళతో చూసి కొనడమే నయం. లాంగ్ స్కేలు, షార్ట్ స్కేలు కూడా చూసుకోండి, 34 అంగుళాల బేస్‌కి లాంగ్ కావాలి.

మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి పీకేయకుండా ఒక్కొక్కటిగా మారిస్తే మెడ మీద లాగుడు ఒక్కసారిగా మారదు. పెగ్ దాటాక రెండు మూడు చుట్లకి సరిపడా వదిలి, ముందు 90 డిగ్రీలు గట్టిగా మడిచి, ఆ మడతకి అవతల కత్తిరించండి. మడవకుండా కోస్తే పైచుట్టు వదులైపోయే ప్రమాదం ఉంది, అప్పుడు కొత్త తీగే చచ్చినట్టు మోగుతుంది. పాత సెట్టు పారేయకండి, నాలుగు తీగల్లో బాగున్నవి సంచిలో వేసుకుంటే స్టేజి మీద తీగ తెగిన రాత్రి పనికొస్తాయి. జి, డి తీగలైతే చాలాసార్లు ఇంకా బతికే ఉంటాయి.

ఐదు తీగల బేస్ వాళ్ళకి ఇదే సెట్టు 170-5 పేరుతో దొరుకుతుంది, బి తీగ 130. ఆ బి తీగ ఇ కన్నా ముందే మసకబారుతుంది, కాబట్టి సెట్టంతా మార్చేముందు విడిగా ఒక బి తీగ దొరుకుతుందేమో షాపులో అడగండి.