ఇగ్నో బీఏ ఫిలాసఫీ ఆనర్స్: పని చేసుకుంటూ చదివేవాళ్లకు

కడపలో ఒక చీరల కొట్లో లెక్కలు రాస్తాను. రాత్రి తొమ్మిదిన్నర దాటితే గానీ పుస్తకం ముట్టుకునే వీలుండదు. రెండేళ్లుగా ఇట్లాగే ఇగ్నోలో, అంటే ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో, దూరవిద్య ద్వారా ఫిలాసఫీ చదువుతున్నా. చేరొచ్చా అని అడిగేవాళ్లకు నా మాట: చేరండి.

అప్లికేషన్ మాత్రం మీరే దగ్గరుండి నింపించుకోండి. నాకు నెట్ సెంటర్ వాళ్లు "ఫిలాసఫీ ఎవరు చదువుతారక్కా" అంటూ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ పెట్టేశారు. ఫీజు కట్టేముందు చూసుకున్నా కాబట్టి సరిపోయింది.

పాఠాలు ఇంగ్లిషులో, హిందీలో ఉంటాయి, తెలుగులో లేవు. అదొక్కటే పెద్ద లోటు. న్యాయ దర్శనం అంటే మన పాత తర్కశాస్త్రం. అందులో అనుమాన ప్రమాణం, అంటే కనబడేదాన్ని బట్టి కనబడనిదాన్ని తేల్చుకునే పద్ధతి, దగ్గర నెల రోజులు ఆగిపోయా. ప్రతిజ్ఞ (చెప్పదలచిన మాట), హేతువు (కారణం), ఉదాహరణ, ఉపనయం (దాన్ని ఇక్కడికి అన్వయించడం), నిగమనం (తేల్చిన మాట) అని ఐదు మెట్లు. కొండ మీద నిప్పుంది, పొగ కనబడుతోంది కాబట్టి, వంటింట్లో మాదిరి. ఇది మా అవ్వకు తెలుగులో చెప్పా. ఆమె ఇప్పటికీ నీళ్లు కట్టెల పొయ్యి మీదే కాస్తుంది.

"పొగుంటే నిప్పుంటాది, నిజమే. నిప్పుంటే పొగ ఉంటాదని మాత్రం అనొద్దమ్మీ. పచ్చికట్టె పెడితేనే పొగ" అనింది.

తర్వాత తర్కసంగ్రహం అనే చిన్న సంస్కృత తర్క పుస్తకం చూస్తే అచ్చం అదే ఉంది! నిప్పును చూసి పొగ ఉందనడం చెల్లదు, మధ్యలో తడికట్టె ఉండాలి, ఆ షరతు పేరు ఉపాధి. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు.

ఫ్రెంచి తత్త్వవేత్త డేకార్ట్ కూడా అట్లాగే ఇంట్లో వస్తువుతోనే నాకు అర్థమయ్యాడు. వేడి తగిలి మైనంముద్ద వాసన, ఆకారం, గట్టిదనం పోయినా అదే మైనమని ఎట్లా అంటామని 1641లో అడిగాడు. కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తి వెలుగులోనే ఆ పేరా చదివా.

అసైన్‌మెంట్లకు 30 శాతం, పరీక్షకు 70 శాతం. అసైన్‌మెంట్లు చేత్తో రాయాలి, చివరిదాకా ఉంచుకోకండి. పాఠాలన్నీ ఇగ్నో వాళ్ల వెబ్‌సైటు ఈజ్ఞానకోశ్‌లో ఉచితంగా దొరుకుతాయి, చేరకముందే నాలుగు చదివి చూడండి. ఇగ్నో 1985లో పెట్టిన కేంద్ర విశ్వవిద్యాలయం, డిగ్రీ చాలన్న పరీక్షలన్నీ రాసుకోవచ్చు.

పాత తెలుగు అకాడమీ తత్త్వశాస్త్రం పుస్తకం ఎక్కడ కనబడినా కొనేయండి. ఇంగ్లిషు మాట పక్కన తెలుగు మాట పెన్సిలుతో రాసుకుంటూ పోతే పాఠం సగం మీదైనట్టే.