అమలాపురం నుంచి హైదరాబాద్: విమానమా, రైలా?

మధురపూడి (రాజమండ్రి విమానాశ్రయం) నుంచి శంషాబాద్‌కి గాల్లో సుమారు 360 కిలోమీటర్లు, అటూఇటూగా గంటా పది నిమిషాలు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మాది అమలాపురం. రావులపాలెం మీదుగా మధురపూడి చేరడానికే రెండు గంటలు, అక్కడ గంటన్నర ముందుండాలి, దిగాక కూకట్‌పల్లికి ఇంకో గంటన్నర. వెరసి ఆరు గంటలు దాటిపోతుంది.

రైలు మా ఊరికి లేదు (కోటిపల్లి–నరసాపురం లైను పూర్తయితే కదా!). రాజమండ్రి వెళ్లి రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే లింగంపల్లి. గంటలు ఎక్కువే, కానీ నిద్రలో పోతాయి. పెళ్లికో, ఇంటర్వ్యూకో తొందరుంటే సరే, విమానమే. పండక్కొచ్చి వెళ్లేటప్పుడు మాత్రం నా ఓటు గౌతమికే. విమానంలో కారం పచ్చడి చేతిసంచిలో రానివ్వరు. ఇక్కడ అమ్మ మూతకి గుడ్డ చుట్టి కట్టిన ఆవకాయ జాడీ బెర్తు కింద నిక్షేపంగా కూర్చుంటుంది.